నల్లగొండలో ఇంట్లో ఉండి పేషెంట్‌ను చూసుకునే పని: ఒప్పుకునే ముందే తేల్చుకోవాల్సినవి

తమ్ముడూ, ముందు మీరు అడిగింది నాకు ఎలా అర్థమైందో చెప్తాను. మీ చిన్నమ్మకు నలభై దాటాయి, భర్త లేడు, ఇన్నాళ్లూ మిర్యాలగూడ పక్క ఊళ్లో నాట్లకూ పత్తి ఏరడానికీ కూలికి పోయింది. ఇప్పుడు నల్లగొండ టౌన్‌లో పక్షవాతం వచ్చి మంచం పట్టిన ఒక పెద్దాయనను చూసుకునే పని ఉందని ఏజెన్సీ అతను ఫోన్ చేశాడు. ఇంట్లో ఆయన, ఆయన భార్య ఇద్దరే, పిల్లలు అమెరికాలో. 24 గంటల డ్యూటీ, తిండి పెట్టి నెలకు 15 వేలు, మొదటి నెల జీతంలో సగం ఏజెన్సీకి. పోవచ్చా, ముందు ఏం నేర్చుకోవాలి అని మీ ప్రశ్న. మగ పేషెంట్ కదా, ఊళ్లో ఏమంటారో అని మీ అమ్మ టెన్షన్.

నేను చాలా ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. దేవరకొండ, నల్లగొండ, మహబూబ్‌నగర్, కొన్నాళ్లు హైదరాబాద్. కొత్తగా ఈ పనికి వచ్చే ఆడవాళ్లు కూడా అప్పుడప్పుడూ నా దగ్గరికి వచ్చి అడిగి వెళ్తుంటారు. నా జవాబు: పోవచ్చు. గౌరవంగా బతకగలిగే పనే. కానీ రాత్రి నిద్ర సంగతి, ఇంటి పని సంగతి, ఈ రెండూ గడప తొక్కకముందే తేలాలి. జీతం వెయ్యి తక్కువైనా మనిషి సర్దుకుంటుంది, ఈ రెండూ తేలకపోతే మాత్రం ఎంత ఓపిక ఉన్నా నిలబడలేదు. మధ్యలో వదిలేసి వచ్చేసిన వాళ్లలో ఎక్కువమంది పేషెంట్ వల్ల రాలేదు, నిద్ర లేక వచ్చేశారు.

24 గంటల డ్యూటీ అని ఫోన్లో చాలా తేలిగ్గా అనేస్తారు. కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, రాత్రి కూడా. అంటే పదికి, పన్నెండుకి, రెండుకి, నాలుగుకి లేవాలి. మధ్యలో డైపర్ తడిస్తే, దాహమంటే, చీకట్లో భయపడి పిలిస్తే మళ్లీ లేవాలి. ఇలా పది రాత్రులు గడిపిన మనిషికి పగలు మందు వేసిందో లేదో గుర్తుండదు, ఎత్తేటప్పుడు చేతులు వణుకుతాయి, పెద్దాయన కింద పడితే ఆ మాట ఆమె మీదికే వస్తుంది. అందుకే వాళ్లతో మాట్లాడేటప్పుడు మా నిద్ర అని మొహమాటంగా అడగొద్దు, పేషెంట్ బాగుండాలంటే చూసుకునే మనిషి నిద్రపోవాలి అని సూటిగా చెప్పాలి. రాత్రికి వేరే మనిషిని పెట్టగలరా అని అడగండి. పెట్టలేమంటే మధ్యాహ్నం పూట మూడు గంటలు పూర్తిగా ఆమెవి, ఆ టైంలో భార్యగానీ ఇంకెవరైనాగానీ దగ్గర కూర్చుంటారు, తలుపు కొట్టరు అని ఒప్పించండి. మంచి ఎయిర్ బెడ్ (మోటారుతో గాలి నింపే పరుపు) ఉండి చర్మం శుభ్రంగా ఉంటే రాత్రి తిప్పే గ్యాప్ కొంచెం పెంచొచ్చేమో డాక్టర్‌ని అడగమనండి, కొందరికి ఒప్పుకుంటారు. ఎక్కడ పడుకుంటుందో కూడా ముందే చూసి రండి. పేషెంట్ గదిలోనే కింద చాప అంటే కాదనకండి గానీ పరుపు, ఫ్యాను, బట్టలు మార్చుకోవడానికి తలుపు ఉన్న చోటు, ఈ మూడూ అడగండి.

ఇక లెక్క. 15 వేలను 30తో భాగిస్తే రోజుకు 500. పగటి డ్యూటీకి 500 అంటే ఒక మాట. 24 గంటలకూ అంటే గంటకు 21 రూపాయలు కూడా పడదు. తిండి, ఉండే చోటు కలిపి చూసుకోండి అంటారు, కానీ ఆ తిండి తినడానికీ ఆ చోట ఉండటానికీ ఆమె అక్కడికి పోవట్లేదు కదా, వాళ్ల అవసరానికే అక్కడ ఉండాల్సి వస్తోంది. ఈ లెక్క వాళ్ల ముందు పెట్టి అడిగితే పెంచేవాళ్లు చాలామందే ఉన్నారు, ముఖ్యంగా పిల్లలు బయట ఉన్న ఇళ్లలో, ఎందుకంటే వాళ్లకు కావాల్సింది నమ్మకంగా నిలబడే మనిషి. ఏజెన్సీ అతనితో కాదు, ఆ కూతురో కొడుకో, డబ్బు పంపే మనిషితోనే వీడియో కాల్‌లో మాట్లాడండి. మాట్లాడుకున్న తర్వాత జీతం, తేదీ, సెలవు, నిద్ర టైం అన్నీ వాట్సాప్‌లో రాసి పంపి, అలాగే అనే జవాబు తెప్పించుకోండి. స్టాంప్ పేపర్ అక్కర్లేదు, ఆ మెసేజ్ చాలు, ఆర్నెల్ల తర్వాత అలా అనుకోలేదే అన్నప్పుడు పనికొస్తుంది. జీతం మీ చిన్నమ్మ పేరున ఉన్న ఖాతాలోకే రావాలి. మీ ఫోన్‌పేకి వద్దు, తమ్ముడూ, మీ మీద అనుమానంతో అనట్లేదు, ఆమె కష్టం ఆమె పాస్‌బుక్‌లో కనిపించాలి.

సెలవు గురించి. ఇళ్లలో పనిచేసేవాళ్ల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందం తెచ్చింది, వారానికి కనీసం వరుసగా 24 గంటలు సెలవు ఇవ్వాలని అందులో ఉంది. మన దేశం దాన్ని ఆమోదించలేదు, అందుకే ఇక్కడ మాట్లాడుకున్నదే సెలవు. నెలకు నాలుగు రోజులు అడిగితే రెండైనా ఇస్తారు. ఆ రెండు రోజులు పేషెంట్‌ను ఎవరు చూస్తారో వాళ్లే చూసుకోవాలి, నువ్వే ఎవరినైనా తెచ్చిపెట్టి పో అంటే అది సెలవు కాదు. బతుకమ్మ, దసరాకు ఊరికి పోవాలంటే ఆ సంగతి ఇప్పుడే అనుకోవాలి, పండగ ముందు రోజు అడిగితే ఏ ఇంట్లోనైనా గొడవే.

ఏజెన్సీకి సగం నెల జీతం ఇవ్వడం చాలాచోట్ల ఉన్నదే. కానీ పెద్దాయన పది రోజులకే చనిపోయినా, ఆసుపత్రిలో చేరినా ఆ సగం ఏమవుతుంది, ఇంకో ఇల్లు కమీషన్ లేకుండా చూపిస్తారా అని అడగండి. ఆధార్ జిరాక్స్ మాత్రమే ఇవ్వాలి, దాని మీద ఏ పనికి ఇచ్చారో, తేదీ రాసి సంతకం పెట్టాలి. ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు, అడ్వాన్సు తీసుకోవద్దు. మా వైపు ఒకావిడ 20 వేలు అడ్వాన్సు తీసుకున్నందుకు, అది తీరేదాకా పోకూడదని కూర్చోబెట్టారు, తల్లికి ఒంట్లో బాగోలేదన్నా పంపలేదు.

ఇంటి పని సంగతి దగ్గరికి వద్దాం. పేషెంట్ బట్టలు, ఆయన గది, ఆయన తినే గిన్నెలు, ఆయనకు వండాల్సిన జావ, ఇవి మీ చిన్నమ్మ పని. ఇల్లంతా ఊడ్వడం, అందరికీ వంట, అంట్లు, చుట్టాలొస్తే పదిమందికి టిఫిన్లు, ఇవి కావు. మొదటి వారం ఎవరూ అడగరు. రెండో వారం పనిమనిషి రాలేదు, ఈ ఒక్కరోజు నాలుగు గిన్నెలు కడుగమ్మా అంటారు, మన ఆడవాళ్లకు కూర్చుని చూడబుద్ధి కాదు, కడుగుతారు. నెల తిరిగేసరికి పనిమనిషిని మాన్పించేస్తారు. చేయొద్దని నేను అనను. ఒక ముసలావిడ ఒక్కతే కష్టపడుతుంటే కూరగాయలు తరిగి ఇస్తే తప్పేం లేదు. కానీ అది ఆమె ఇష్టంతో చేసే సాయంగానే ఉండాలి. వంట కూడా కావాలంటే ఆ వంటకు వేరే డబ్బు అని మొదటి రోజే చెప్పండి.

ఇప్పుడు అసలు పని. పొలం పని చేసిన ఒళ్లు కాబట్టి బలం ఉంటుందనుకోవద్దు, ఇక్కడ బలం కంటే పద్ధతి ముఖ్యం, అందులోనూ కూలికి పోయిన మోకాళ్లూ నడుమూ ఇప్పటికే అరిగి ఉంటాయి.

పక్షవాతం వచ్చిన పేషెంట్‌కు అన్నిటికంటే ముందు చూడాల్సింది చర్మం. పడక పుండ్లు నడుం కింద ఎముక దగ్గర, తుంటి పక్కన, మడమల మీద, చీలమండల దగ్గర, భుజం ఎముక దగ్గర వస్తాయి. రోజూ ఒళ్లు తుడిచేటప్పుడు ఈ చోట్లన్నీ చూడాలి. ఎర్రగా ఉన్న చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి, తెల్లబడకపోతే పుండు లోపల మొదలైనట్టే. నల్లటి ఒంటి మీద ఆ ఎరుపు సరిగ్గా కనిపించదు, చుట్టూ ఉన్న చర్మం కంటే నల్లగా, వేడిగా, గట్టిగా చేతికి తగులుతుంది, అందుకే కంటితో పాటు చేత్తో కూడా చూడాలి. ఆ చోట నూనె పెట్టి రుద్దుతారు కొందరు, అస్సలు రుద్దొద్దు, లోపల దెబ్బతిన్న చర్మం ఇంకా చెడుతుంది. టైరు లాంటి గుండ్రటి దిండు కూడా వద్దు, అది చుట్టూ రక్తం ఆడకుండా నొక్కేస్తుంది. పక్కకు తిప్పినప్పుడు పూర్తిగా తుంటి మీద పడుకోబెట్టకుండా కొంచెం వాలుగా, వీపు వెనక దిండు, మోకాళ్ల మధ్య దిండు, పిక్కల కింద ఇంకో దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా ఉంచాలి. పైకి జరపాలంటే చంకల్లో చేతులు వేసి లాగొద్దు. నడుం కింద ఒక దుప్పటి మడిచి వేసి ఉంచి, ఇద్దరు చెరో పక్క ఆ దుప్పటి పట్టుకుని ఎత్తి జరపాలి. ఒంటరిగా ఎత్తాల్సి వస్తే ఎత్తొద్దు, పక్కింటి వాళ్లనైనా పిలవాలి, ఈ మాట కూడా ముందే ఇంటివాళ్లకు చెప్పాలి.

పడిపోయిన చేయి పట్టుకుని లేపడం అందరూ చేసేదే, చుట్టాలు వస్తే వాళ్లూ అదే చేస్తారు. ఆ చేతికి పట్టు ఉండదు కాబట్టి భుజం కీలు జారుతుంది, ఆ నొప్పి నెలలు ఉంటుంది. లేపేటప్పుడు నడుముకు గట్టి తువ్వాల చుట్టి అది పట్టుకోవాలి, కుర్చీ ఎప్పుడూ బాగున్న పక్క పెట్టాలి, ఆయన మీ చిన్నమ్మ మెడ పట్టుకుని లేవకూడదు. చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చేయి ముందు, విప్పేటప్పుడు అదే చేయి చివర. ఆ పక్కన స్పర్శ తెలియకపోవచ్చు, అందుకని వేడినీళ్ల సంచి పెట్టొద్దు, స్నానం నీళ్లు తన మోచేత్తో చూసుకుని పోయాలి.

తినిపించడం చాలా జాగ్రత్తగా చేయాలి. పక్షవాతంలో చాలామందికి మింగడం కుదరదు, ముద్ద కడుపులోకి పోకుండా ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. పడుకోబెట్టి ఒక్క చెంచా కూడా పెట్టొద్దు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి దించి, బాగున్న పక్క నుంచి చిన్న చెంచాతో, ఒకటి మింగాకే ఇంకొకటి. విచిత్రం ఏంటంటే అన్నం కంటే మంచినీళ్లు, చారు, టీ ఎక్కువ ప్రమాదం, పల్చగా ఉన్నవి త్వరగా జారిపోతాయి. తాగిన ప్రతిసారీ దగ్గు వస్తున్నా, గొంతు నీళ్లు నిండినట్టు గరగరలాడుతున్నా ఆపేసి డాక్టర్‌కు చెప్పాలి. చిక్కటి రాగి జావ, మెత్తగా పిసికిన పప్పన్నం సాధారణంగా బాగా పోతాయి. మన వైపు పెద్దవాళ్లు జొన్న రొట్టె కావాలని మారాం చేస్తారు, పెట్టకపోతే కోపం కూడా. డాక్టర్ సరే అంటే పాలల్లోనో పప్పుచారులోనో నానబెట్టి పూర్తిగా మెదిపి పెట్టొచ్చు, వట్టి రొట్టె ముక్క మాత్రం నోట్లో పెట్టొద్దు. తిన్నాక పడిపోయిన పక్క బుగ్గలో మెతుకులు ఉండిపోతాయి, వేలికి గుడ్డ చుట్టి తీసేయాలి, అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. తిండి పోయడానికి ముక్కు పైపు ఉంటే నర్సు దగ్గర రెండు మూడు సార్లు చూసి, ఆమె ముందు చేసి చూపించాకే ముట్టుకోవాలి.

యూరిన్ పైపు ఉంటే సంచి ఎప్పుడూ నడుము కంటే కిందే ఉండాలి, నేల మీద పెట్టొద్దు, నిండిపోకముందే ఖాళీ చేయాలి. మంచం మార్చేటప్పుడు సంచిని పొట్ట మీద పెట్టి మోస్తారు కొందరు, సంచిలో ఉన్నది వెనక్కి పోతుంది. నాలుగైదు గంటలు సంచిలోకి ఏమీ రాకపోతే, చిక్కగా వాసన వస్తే, చలి జ్వరం వస్తే వెంటనే చెప్పాలి.

పెద్దాయనది ఏ ఊరో అడిగారా? మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు వాళ్లయితే ఇది తప్పకుండా చూడాలి. ఆ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉండేదో మనందరికీ తెలుసు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, అక్కడ అంతకు ఎన్నో రెట్లు తాగి పెరిగిన తరం ఇప్పుడు ముసలివాళ్లయింది. 2016 తర్వాత మిషన్ భగీరథ నీళ్లు వచ్చాయి, కానీ అప్పటికే ఎముకల్లో చేరింది పోదు. వీళ్లకు మెడ తిరగదు, వెన్ను కర్రలా బిగుసుకుపోయి ఉంటుంది, మోకాళ్లు చాచలేరు. ఫిజియోథెరపీ అనుకుని కాళ్లు బలవంతంగా చాపితే నొప్పితో అరుస్తారు, పైగా ఆ ఎముకలు గట్టిగా కనిపిస్తాయి గానీ పెళుసు, విరిగిపోతాయి. వంగిన కాలును వంగినట్టే దిండు పెట్టి ఉంచాలి. తిప్పేటప్పుడు తల, భుజం, నడుము ఒకేసారి తిరగాలి, తల ముందు తిప్పి ఒళ్లు తర్వాత తిప్పడం కుదరదు. డాక్టర్‌కు కూడా ఈ ఊరి సంగతి చెప్పాలి, నర్సులు హైదరాబాద్ నుంచి వస్తే వాళ్లకు తట్టకపోవచ్చు.

ఎండాకాలం గురించి ఒక మాట. నల్లగొండ ఎండలు మీకు తెలిసినవే, 45 దాటిన రోజుల్లో మంచం మీద ఉన్న మనిషి దాహం అని అడగడు, మగతగా పడుకుంటాడు, నిద్రపోతున్నాడని వదిలేస్తారు. నోరు ఎండిందా, యూరిన్ తగ్గిందా చూస్తూ టైం ప్రకారం తాగించాలి, గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉంటే ఎంత తాగించాలో డాక్టర్ చెప్పినంతే. కరెంటు పోతే ఎయిర్ బెడ్ మోటారు ఆగి గాలి దిగిపోతుంది, ఆయన ఒట్టి బల్ల మీద పడుకున్నట్టే అవుతుంది. ఇన్వర్టర్‌కు ఆ మోటారు కనెక్షన్ ఇచ్చారా అని మొదటి రోజే చూడమనండి.

షుగర్ ఉందో లేదో కూడా కనుక్కోండి, పక్షవాతం వచ్చినవాళ్లలో చాలామందికి ఉంటుంది. ఇన్సులిన్ వేశాక తిండి ఆలస్యం కాకూడదు. ఒళ్లంతా చెమట, వణుకు, అయోమయంగా మాట్లాడటం కనిపిస్తే షుగర్ చూడాలి, 70 కంటే తక్కువ ఉంటే, తెలివిలో ఉండి మింగగలిగితే చక్కెరో గ్లూకోజో ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్.

పక్షవాతం రెండోసారి కూడా రావచ్చు. మూతి ఒక పక్కకు వంకర పోవడం, బాగున్న చేయి పడిపోవడం, మాట తడబడటం ఏ ఒక్కటి కొత్తగా కనిపించినా గోడ గడియారం చూసి టైం గుర్తు పెట్టుకోవాలి. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోనే పనికొస్తుంది, అది కూడా సీటీ స్కాన్ తీశాకే. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో ఇక్కడే టైం పోతుంది. ముందు వాళ్లకు ఫోన్ చేయడం, వాళ్లు మీటింగ్‌లో ఉండి ఎత్తకపోవడం, ఎత్తాక అన్నతో చెల్లెలితో మాట్లాడుకోవడం, గంట అయిపోతుంది. అందుకే పనికి కుదిరిన రోజే అడగాలి: ఇలా జరిగితే 108కి ఫోన్ చేశాకే మీకు చెప్తాను, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలి, నల్లగొండలో మీ తరఫున వచ్చి సంతకం పెట్టే మనిషి ఎవరు? ఆ పేరు, నంబరు గోడ మీద రాసి పెట్టాలి. ఇంకోటి, అక్కడి పగలు మనకు రాత్రి కాబట్టి నాన్నను చూడాలని వాళ్లు మన అర్ధరాత్రి వీడియో కాల్ చేస్తారు. పొద్దున ఏడుకో రాత్రి ఎనిమిదికో ఒక టైం పెట్టుకోమని చెప్పడం తప్పేం కాదు.

పెద్దాయన మనసు గురించి కూడా చెప్పాలి. నిన్నటిదాకా ఇంటి పెత్తనమంతా ఆయనదే అయి ఉంటుంది, ఇప్పుడు తెలియని ఆడమనిషి డైపర్ మారుస్తుంటే ఆయనకు చచ్చేంత సిగ్గు. ఆ సిగ్గే కోపమై బయటికి వస్తుంది. చేసే ప్రతి పనీ ముందు చెప్పి చేయాలి, "తాతా, ఇప్పుడు పక్కకు తిప్పుతున్నా" అని, అవసరమైనంతే బట్ట తీసి మిగతాది కప్పి ఉంచాలి. మాట రానివాళ్లకు కూడా మనం అనేది అర్థమవుతూ ఉండొచ్చు, అందుకే ఆయన మంచం దగ్గర నిలబడి ఎన్నాళ్లు బతుకుతాడో లాంటి మాటలు ఎవరూ మాట్లాడకూడదు, చుట్టాలైనా సరే బయటికి రమ్మనాలి. కొందరు ఉన్నట్టుండి ఏడుస్తారు, నవ్వుతారు, అది మెదడు దెబ్బ వల్ల వచ్చేది, మీ చిన్నమ్మ ఏదో అన్నందుకు కాదు. ఇంకొందరికి ఒక పక్క ఉన్నవి అసలు గమనికలోకే రావు, కంచంలో సగం అన్నం అలాగే వదిలేసి ఇంకా పెట్టలేదేం అంటారు. కంచం తిప్పి పెడితే తింటారు.

మగ పేషెంట్ అని మీ అమ్మ భయపడటం సహజమే. ఎక్కువ ఇళ్లలో ఆ భయం అవసరం ఉండదు. అయినా స్నానం చేయించేటప్పుడు, కింద శుభ్రం చేసేటప్పుడు భార్య గదిలో ఉండటం మొదటి నుంచీ అలవాటు చేయాలి, అది ఇద్దరికీ మంచిది. పేషెంట్ గానీ, ఇంటికి వచ్చిపోయే మగవాళ్లు గానీ తప్పుగా ప్రవర్తిస్తే సర్దుకుపోవాల్సిన పని లేదు. పనిచేసే చోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపుల గురించి 2013లో వచ్చిన చట్టంలో, ఇల్లు కూడా పనిచేసే చోటే అని, ఇంట్లో పనిచేసే ఆడమనిషి కూడా అందులోకి వస్తుందని స్పష్టంగా ఉంది. ఈ ఫిర్యాదులు తీసుకోవడానికి జిల్లాలో లోకల్ కమిటీ ఉంటుంది, ఇంట్లో పనిచేసేవాళ్ల ఫిర్యాదులో నిజం ఉందనిపిస్తే ఆ కమిటీ 7 రోజుల్లో పోలీసులకు పంపాలి. 181 మహిళల హెల్ప్‌లైన్, 100 పోలీసు, ఈ రెండు నంబర్లూ ఆమె ఫోన్లో ఉండాలి. ఊళ్లో మాటల గురించి నేను ఎక్కువ చెప్పను. ఒక దసరాకు ఆమె చేతిలో డబ్బుతో ఊరికి వస్తే అంతా సర్దుకుంటుంది, మా దగ్గర అలాగే జరిగింది.

భార్య గురించి మీరు అడగలేదు గానీ ఆమెతోనే ఎక్కువ రోజులు గడపాలి. ఇన్నాళ్లూ మొగుణ్ని తనే చూసుకుంది, ఇప్పుడు ఇంకొకరు చేస్తుంటే ఆమెకు ఊరటా ఉంటుంది, కష్టంగానూ ఉంటుంది. నేను అలా చేయను, ఇలా చేస్తా అని తప్పులు పడుతుంది. ఆయనకు ఏది ఇష్టం, ఎలా పడుకుంటారు అని ఆమెనే అడిగి చేస్తే సగం గొడవలు రావు. ఆమె మోకాళ్ల మందులు, ఆమె బీపీ కూడా తన మీదే పడకుండా మాత్రం చూసుకోవాలి. ఇద్దరు పేషెంట్లయితే అది ఇంకో జీతం.

డబ్బు, బంగారం దగ్గర చాలా స్పష్టంగా ఉండాలి. బీరువా తాళాలు తీసుకోవద్దు, ఇచ్చినా వద్దనాలి. సామాన్లకు ఇచ్చిన డబ్బు ఒక నోట్‌బుక్‌లో రాసి, బిల్లులు అందులో పెట్టి, వారానికోసారి భార్యతో సంతకం పెట్టించాలి. అదే నోట్‌బుక్‌లో ఇంకో పక్క ఏ టైంకి ఏ మందు, ఎప్పుడు తిప్పింది, ఏం తిన్నాడు, యూరిన్, మోషన్ రాయాలి. చదువు రాకపోతే గడియారం బొమ్మలు గీసి టిక్కు పెట్టినా చాలు. ఎవరైనా వేలెత్తి చూపినప్పుడు ఆ పుస్తకమే ఆమె తరఫున మాట్లాడుతుంది. ఒక ఇంట్లో గొలుసు కనిపించలేదని నాతో పనిచేసినావిడ సంచి నడిరోడ్డు మీద విప్పించారు. ఆ గొలుసు దిండు గలీబులో దొరికింది, ఒక్కరు కూడా ఏమనుకోవద్దమ్మా అనలేదు. హాల్లో, పేషెంట్ గదిలో సీసీ కెమెరా ఉంటే భయపడొద్దు, చాలాసార్లు అది మనకే సాక్ష్యం. బట్టలు మార్చుకునే చోట, బాత్‌రూంలో ఉండకూడదు, అడిగి తెలుసుకోవాలి.

ఈలోపు మీరు చేయగలిగిన పని ఒకటుంది. మీసేవకో కామన్ సర్వీస్ సెంటర్‌కో తీసుకెళ్లి ఈ-శ్రమ్ కార్డు (అసంఘటిత కార్మికుల గుర్తింపు కార్డు) చేయించండి. 2021లో మొదలైంది, పీఎఫ్ ఈఎస్ఐ లేని 16 నుంచి 59 ఏళ్ల లోపు వాళ్లకు, ఇళ్లలో పనిచేసేవాళ్లకూ వర్తిస్తుంది. బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా ఫారం కూడా ఇవ్వండి, ఏడాదికి 20 రూపాయలు కట్ అవుతుంది, ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు. ఆమెకు యాభై దాటలేదు కాబట్టి ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి జీవిత బీమా కూడా వస్తుంది.

నేర్చుకోవడానికి జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అని కోర్సు ఉంది, నెలలు పడుతుంది, తర్వాత ఆసుపత్రుల్లోనూ పని దొరుకుతుంది, ముందు ముందు ఆలోచించండి. ఇప్పటికిప్పుడైతే పనిలో చేరిన మొదటి మూడు రోజులు ఫిజియోథెరపిస్టునో నర్సునో ఇంటికి పిలిపించి, తిప్పడం, లేపడం, తినిపించడం చూపించమని పిల్లలను అడగండి. వాళ్ల నాన్న కోసమే కాబట్టి ఆ ఖర్చుకు వెనకాడరు, వెనకాడితే ఆ ఇల్లు ఎలాంటిదో మీకు అప్పుడే తెలుస్తుంది. జిల్లా ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉందేమో కూడా కనుక్కోండి, నయం కాని జబ్బుల వాళ్లను ఎలా చూసుకోవాలో ఇంటివాళ్లకు అక్కడ ఓపిగ్గా చూపిస్తారు.

చివరగా, ఎవరూ మాట్లాడని విషయం. ఇలాంటి పని చాలాసార్లు పేషెంట్ పోవడంతోనే ముగుస్తుంది. ఆ రోజు ఇంటి నిండా చుట్టాలు, ఏడుపులు, ఆమెను ఎవరూ పట్టించుకోరు, నెల మధ్యలో జీతం అడగడం బాగోదని వట్టి చేతులతో వచ్చేస్తారు చాలామంది. అందుకే వాట్సాప్ మెసేజ్‌లో ఇది కూడా ఇప్పుడే రాయించండి: పని ఎప్పుడు ముగిసినా అప్పటిదాకా చేసిన రోజుల జీతం, దానితో పాటు 15 రోజుల జీతం. మన మాటగా అడగడం కష్టమనిపిస్తే నా పేరు చెప్పి, పాతవాళ్లు ఇలా అడగమన్నారు అనండి. దశదినకర్మ అయ్యాక ఆ కూతురినో కొడుకునో ఒక కాగితం అడగాలి, ఫలానా ఆమె మా నాన్నను ఇన్ని నెలలు చూసుకుంది అని, సంతకంతో, ఫోన్ నంబరుతో. ఆ కాగితం ఉంటే తర్వాతి ఇల్లు ఏజెన్సీ లేకుండానే దొరుకుతుంది. తర్వాతి ఇంటికి వెంటనే పోనివ్వకండి, కనీసం రెండు వారాలు మీ ఊళ్లో కడుపునిండా నిద్రపోనివ్వండి. వాళ్లతో కాల్ మాట్లాడేటప్పుడు ఏమైనా అనుమానం వస్తే ఇక్కడే రాయండి, రాత్రి పూట చూసి జవాబు చెప్తాను.